అందరం ఒకే ప్రకటన చూసి నవ్వుకునే రోజులు పోయినట్టేనా?

కొండపల్లి బొమ్మ:

సభ్యులందరికీ నమస్కారం. 2025 సెప్టెంబరులో పెద్ద తెర టీవీల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించినప్పుడు మేమూ పాత డబ్బా టీవీని తీసేసి స్మార్ట్ టీవీ ఒకటి తెచ్చుకున్నాము. బొమ్మ చక్కగా ఉంది, ధ్వని ఫరవాలేదు. నన్ను ఆలోచనలో పడేసిన సంగతి వేరు. టీవీ వేయగానే, మేము ఇంకా ఏ ఛానలూ పెట్టకముందే, తెర పైభాగాన్ని ఒక ప్రకటన ఆక్రమించుకుంటోంది. ఎదురింటివారు అదే కంపెనీ టీవీ కొన్నారు, కానీ వారి తెర మీద కనిపించే ప్రకటన వేరు. యూట్యూబ్‌లో మా అబ్బాయికి వచ్చే ప్రకటనలు నాకు రావు, నాకు వచ్చేవి మా అత్తగారికి రావు.

దీంతో నాకొక అనుమానం పట్టుకుంది. "డబ్బులు ఎవరికీ ఊరికే రావు" అనే మాట లలితా జ్యువెలరీ ప్రకటనలో మొదలై ఎంత దూరం వెళ్లిందో అందరికీ తెలుసు. చీటీ పాట దగ్గరా, పెళ్లి భోజనాల దగ్గరా, కూరగాయల బేరంలోనూ ఆ మాట అంటే చాలు, ఎదుటివారు నవ్వుతారు, ఎందుకంటే ఆ దుకాణం యజమాని చేతులు జోడించి చెప్పడం వారూ చూశారు. ఎవరి ప్రకటన వారికే కనిపించే పద్ధతి స్థిరపడిపోతే అలాంటి ఉమ్మడి మాట ఇక పుట్టదేమో. నలుగురూ కలిసి నవ్వాలంటే ఆ నలుగురూ ఒకే దాన్ని చూసి ఉండాలి కదా. మీరేమంటారు?

పాత యాంటెన్నా:

కొండపల్లి బొమ్మ గారికి, మీ అనుమానంలో సగం నిజముంది. మిగతా సగం గడచిన కాలం మీద మనకుండే మమకారం.

దూరదర్శన్ వ్యాపార ప్రకటనలను అనుమతించినది 1976లో. 1980ల మధ్యలో మా ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఉన్న ఛానలు ఒకటే, అందులోనూ రాత్రి కార్యక్రమాలు ఎక్కువగా హిందీలో వచ్చేవి. సర్ఫ్ ప్రకటనలో లలితాజీ అనే గృహిణి కూరగాయల వాడితో బేరమాడి, చవక వస్తువుకూ మంచి వస్తువుకూ తేడా ఉంటుందని గట్టిగా చెప్పేది. నిర్మా పొడి చాలా తక్కువ ధరకు దొరుకుతూ సర్ఫ్ అమ్మకాలను కొల్లగొడుతున్నప్పుడు దానికి జవాబుగా లింటాస్ సంస్థలో అలీక్ పదంసీ బృందం తయారు చేసిన పాత్ర అది, నటించినది కవితా చౌదరి. మా అమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు, అయినా ఆ లలితాజీ ఎలా చూస్తుందో, చీర కొంగు ఎలా సర్దుకుంటుందో అభినయించి చూపించేది. ఒనిడా టీవీ ప్రకటనలో కొమ్ములూ తోకా పెట్టుకుని వచ్చే దయ్యమైతే పిల్లల ఆటల్లోకే వచ్చేసింది.

ఇప్పుడు అసలు విషయం. అప్పుడు మేము ఆ ప్రకటనలను ప్రేమించి చూశామా? తప్పించుకునే దారి లేక చూశాము. ఛానలు మార్చడానికి రెండో ఛానలు లేదు, మార్చే రిమోటూ మా టీవీకి లేదు. చిత్రలహరి మధ్యలో లేచి వెళితే మంచి పాట తప్పిపోతుందన్న భయంతో కూర్చుని చూసిన వాటిని, ఇప్పుడు మధుర స్మృతులని పిలుస్తున్నాము. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చి రిమోట్లు చేతికి అందిన మరుక్షణం నుంచి ప్రకటన రాగానే ఛానలు మార్చడం మన జాతీయ వ్యాయామం అయింది. అందువల్ల ఉమ్మడిగా నవ్వడం తగ్గడానికి మీ స్మార్ట్ టీవీని ఒక్కదాన్నే నిందించడం న్యాయం కాదు.

కాపీ రాతగాడు:

నేను హైదరాబాదులో ప్రకటనల రంగంలోనే పని చేస్తున్నాను కనుక నా మాటలో కొంత పక్షపాతం ఉంటుందని ముందే చెబుతున్నాను.

పాత యాంటెన్నా గారు చెప్పిన "తప్పించుకోలేకపోవడం" ఒక కారణమే, కానీ అదొక్కటే కారణమైతే ఆ రోజుల్లో వచ్చిన ప్రతి సబ్బు ప్రకటనా మీకు గుర్తుండాలి. గుర్తున్నవి ఏవి? లలితాజీ ఒకటి, ముప్పై ఏళ్లకు పైగా గడిచాక వచ్చిన లలితా జ్యువెలరీ మరొకటి. పేర్లు కలవడం యాదృచ్ఛికమే, కానీ రెండూ డబ్బు గురించి మాట్లాడతాయన్నది గమనించండి. పైసా ఖర్చు పెట్టే ముందు పదిసార్లు ఆలోచించే మధ్యతరగతి మనిషిని రెండూ ఎగతాళి చేయవు, పైగా ఆ జాగ్రత్తను మెచ్చుకుంటాయి. లలితా ప్రకటనను మా రంగంలోని కొందరు మొదట్లో చిన్నచూపు చూశారు. సినిమా తార లేదు, పెళ్లికూతురు లేదు, వయొలిన్లు లేవు. యజమాని కిరణ్ కుమార్ గారే కెమెరా వైపు సూటిగా చూస్తూ, మా దుకాణంలో నచ్చిన నగ ఎంచుకుని, దాని అంచనా కాగితాన్ని ఫోటో తీసుకుని, వేరే దుకాణాల్లో తరుగుతో సహా పోల్చి చూసుకున్న తరువాతే కొనండి అంటారు. బంగారం కొనేటప్పుడు తరుగు లెక్క అర్థం కాక తల పట్టుకునే కుటుంబానికి అంతకంటే పనికొచ్చే మాట ఏ తార చెప్పింది?

ఇక మీమ్ సంగతి. ఒక ప్రకటన జోకుగా మారాలంటే అందులోని వాక్యం వస్తువు నుంచి విడదీసినా బతకగలగాలి. "డబ్బులు ఎవరికీ ఊరికే రావు" అనేది నగలకు సంబంధించిన వాక్యమే కాదు, జీతం రోజుకీ సరిపోతుంది, ఇంజనీరింగ్ ఫీజుకీ సరిపోతుంది. 2019 అక్టోబరులో తిరుచిరాపల్లిలోని వారి దుకాణానికి గోడ తవ్వి దొంగలు నగలు ఎత్తుకుపోయినప్పుడు కూడా జనం అదే వాక్యాన్ని తిప్పి జోకులు వేశారు.

కొండపల్లి బొమ్మ గారి ప్రధాన వాదనతో నాకు విభేదం ఉంది. 2021 ఏప్రిల్‌లో క్రెడ్ అనే యాప్ ప్రకటనలో రాహుల్ ద్రావిడ్ బెంగళూరు ట్రాఫిక్‌లో కారులోంచి లేచి నిలబడి తాను ఇందిరానగర్ గూండానని అరిచినప్పుడు, దాన్ని టీవీలో చూసినవారి కంటే ఫోనులో ఒకరికొకరు పంపించుకుని చూసినవారే ఎక్కువ అయి ఉంటారని నా అంచనా. విరాట్ కోహ్లీ వంటి ఆటగాళ్లే దాన్ని ట్విట్టర్‌లో పంచుకున్నారు. అంటే ఉమ్మడిగా చూడడం పోలేదు, ఛానలు చేసే పంపిణీని ఇప్పుడు జనం చేస్తున్నారు.

మితభాషి:

క్రెడ్ ప్రకటన చూసి నవ్వినవారిలో ఆ సంస్థ ఏం చేస్తుందో చెప్పగలిగేవారు ఎంతమంది?

కాపీ రాతగాడు:

మితభాషి గారూ, చురక బాగుంది, కానీ ఆ సేవ క్రెడిట్ కార్డు బిల్లులు కట్టేవారికి ఉద్దేశించినది. కార్డు లేనివారు నవ్వి వదిలేసినా వారికి నష్టం లేదు, కార్డు ఉన్నవారికి పేరు గుర్తుంటే చాలు.

నవ్వుల నిధి:

ఈ చర్చలో నేనూ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కొంతకాలంగా స్నేహితులతో కలిసి ఒక తెలుగు మీమ్ పేజీ నడుపుతున్నాను.

మీమ్ తయారు చేసేవారికి కావలసిన మొదటి ముడిసరుకు, చూడగానే అందరూ గుర్తుపట్టే ముఖం. మనకు ఆ విషయంలో కరువు లేదు, బ్రహ్మానందం గారి ముఖకవళికలు ఉన్నంతకాలం ఏ సందర్భానికైనా ఒక బొమ్మ దొరుకుతుంది. తెలుగు అక్షరం రాని ఉత్తరాదివారు కూడా ఆయన బొమ్మలు వాడుకుంటున్నారు. అయితే సినిమా తరువాత మాకు ఎక్కువ ముడిసరుకు ఇచ్చినది ప్రకటనలే, అందులోనూ నవ్వించాలనే ఉద్దేశం ఏమాత్రం లేని ప్రకటనలు. దీనికి అన్నిటికంటే గొప్ప ఉదాహరణ థియేటర్లో వచ్చే పొగాకు వ్యతిరేక ప్రకటన. 2012 అక్టోబరు నుంచి, పొగాకు వాడకం చూపించే సినిమాలకు మొదట్లోనూ మధ్యలోనూ ఆరోగ్య హెచ్చరికలు వేయాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. "ఈ నగరానికి ఏమైంది" అని ఆ గంభీరమైన గొంతు వినపడగానే హాలులో సగం మంది తరువాతి వాక్యాలను తామే పూర్తిచేసేవారు. చివరకు 2018లో తరుణ్ భాస్కర్ తీసిన సినిమాకు అదే పేరు పెట్టారు. క్యాన్సర్ గురించి హెచ్చరించే వాక్యం ఒక హాస్య చిత్రానికి పేరు కావడం ప్రపంచంలో ఇంకెక్కడైనా జరిగిందో లేదో నాకు తెలియదు గానీ, మనవాళ్లకు ఎంత సహజంగా అనిపించిందో మాత్రం తెలుసు.

దీన్ని బట్టి నేను కొండపల్లి బొమ్మ గారి పక్షమే. థియేటర్లో "స్కిప్" బొత్తాం లేదు. యూట్యూబ్ 2010లో ఐదు సెకన్ల తరువాత ప్రకటనను దాటవేసే వీలు కల్పించినప్పటి నుంచి మనం చూసేది ప్రకటన కాదు, ఆ బొత్తాం ఎప్పుడు వస్తుందా అని తెర మూల. మా పేజీలో ఏదైనా రుణాల యాప్ ప్రకటన మీద జోకు వేస్తే, వ్యాఖ్యల్లో సగం మంది "ఇది ఏ ప్రకటన?" అని అడుగుతున్నారు. అడిగినవారికి వివరించి, లింకు ఇచ్చి, వారు చూసి వచ్చేసరికి ఆ జోకు చల్లారిపోయి ఉంటుంది. టీవీ ప్రకటనల మీద వేసిన జోకులకు ఆ ప్రశ్న ఎన్నడూ రాలేదు.

కాపీ రాతగాడు గారు చెప్పిన ద్రావిడ్ ప్రకటన నిజమే, కానీ అది ఐపీఎల్ సమయంలో విడుదలైందని మరచిపోకూడదు. 2009లో ఐపీఎల్ దక్షిణాఫ్రికాకు తరలిపోయినప్పుడు వొడాఫోన్ జూజూలు వచ్చినదీ అలాగే. తెల్లటి దుస్తుల లోపల నిజమైన మనుషులను పెట్టి ప్రకాశ్ వర్మ కేప్‌టౌన్‌లో తీసిన ఆ ప్రకటనలను చాలామంది యానిమేషన్ అనుకున్నారు. రోజుకొక కొత్తది వచ్చేది, ఓవర్ల మధ్య దేశమంతా ఒకేసారి చూసేది. క్రికెట్టును తీసేస్తే మీరు చెప్పే ఉమ్మడి నవ్వు ఎక్కడ మిగిలింది?

ఎడిసన్ వాసి:

న్యూజెర్సీ నుంచి నమస్కారం. మీరు క్రికెట్టు అన్న చోట మేము సూపర్ బౌల్ అంటాము, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఏటి ఫైనల్ ఆట. ఇక్కడ మామూలు రోజుల్లో ఎవరి తెర వారిదే, ఆ ఒక్క రాత్రి మాత్రం ఆట కంటే ప్రకటనల కోసమే టీవీ ముందు కూర్చునేవారు ఉన్నారు. మరునాడు ఆఫీసులో వాటి గురించే మాట్లాడుకుంటారు.

ప్రకటన, ఇంటి పరికరం, అంతర్జాలంలోని కొంటెతనం మూడూ ఒకేచోట గుద్దుకున్న సంఘటన ఒకటి మీకు చెప్పాలి. 2017 ఏప్రిల్‌లో బర్గర్ కింగ్ సంస్థ పదిహేను సెకన్ల టీవీ ప్రకటన ఒకటి వేసింది. అందులో దుకాణం కుర్రాడు కెమెరా దగ్గరికి వచ్చి, గూగుల్ స్పీకర్‌ను పిలిచే మాట పలికి, వాపర్ బర్గర్ అంటే ఏమిటని అడుగుతాడు. టీవీ పక్కనే గూగుల్ హోమ్ పెట్టుకున్న ఇళ్లలో అది ఆ పిలుపు విని, వికీపీడియాలోని మొదటి వాక్యాలను చదవడం మొదలుపెట్టింది. డబ్బు కట్టి పదిహేను సెకన్లు కొన్న సంస్థ, ఇంటివారి స్పీకర్‌ను ఉచితంగా వాడుకుందన్నమాట. జనం ఊరుకుంటారా? వెంటనే వికీపీడియా వ్యాసంలోకి దూరి, ఆ బర్గర్లో సైనైడ్ ఉంటుందని మార్చారు. కొన్ని గంటల్లోనే గూగుల్ ఆ గొంతుకు తమ స్పీకర్ స్పందించకుండా చేసింది, సంస్థ గొంతు మార్చి మళ్లీ వేసింది. ఇంత గొడవ జరిగాక ఆ ఏడాది కాన్ ప్రకటనల ఉత్సవంలో దానికి గ్రాండ్ ప్రీ అనే పెద్ద బహుమతి ఇచ్చారు! మీ రంగం మీద నాకు నమ్మకం తగ్గడానికి అదొక కారణం, కాపీ రాతగాడు గారూ.

మరొకటి, ఈ దేశంలో తెలుగువారు స్ట్రీమింగ్‌లో చూసే తెలుగు ఛానళ్ల మధ్య వచ్చే ప్రకటనలు చాలావరకు స్థానికమైనవి. ఇళ్లు అమ్మే ఏజెంట్లు, వలస వ్యవహారాల వకీళ్లు, చీరల ప్రదర్శనలు. సీరియల్ విరామంలో ఒకే ఏజెంటు అదే నవ్వుతో వరుసగా మళ్లీ మళ్లీ వస్తాడు. గుడిలో కనిపిస్తే పిల్లలు "టీవీ అంకుల్" అని పిలుస్తారు. ఎవరికి ఏ ప్రకటన చూపించాలో నిర్ణయించే యంత్రం మమ్మల్ని ఒక గుంపుగా కట్టి చూసినందువల్ల ఆ గుంపు లోపల ఉమ్మడి జోకులు బాగానే పుడుతున్నాయి. గుంపు చిన్నదైపోయింది, అంతే తేడా.

ఎల్‌ఈడీ సుబ్బు:

నాకు గుంటూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉంది, అమ్మకంతో పాటు మరమ్మతు కూడా చేస్తాము. నవ్వుల సంగతి మీరు చూసుకోండి, కొండపల్లి బొమ్మ గారి టీవీ తెర మీదికి ప్రకటన ఎందుకు వస్తోందో నేను చెబుతాను.

టీవీ ధరలు పదేళ్లలో ఎంత పడిపోయాయో మీరే చూశారు. ఆ ధరకు అమ్మితే టీవీ మీద మిగిలే లాభం బహు స్వల్పం. షియోమీ సంస్థ అధినేత లీ జున్ 2018లో, తమ పరికరాల మీద నికర లాభం 5 శాతం మించనివ్వమని బహిరంగంగానే ప్రకటించారు. మరి కంపెనీ ఎలా నడుస్తుంది? పరికరం మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ దాని లోపలి సేవల మీదా, ప్రకటనల మీదా వచ్చే ఆదాయంతో నడుస్తుంది. ఇది ఒక్క కంపెనీ కథ కాదు, ఈనాడు చాలా టీవీ కంపెనీల లెక్క ఇంచుమించు ఇదే. పూర్వం టీవీ అమ్మడంతో బేరం ముగిసేది, ఇప్పుడు అక్కడ మొదలవుతోంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. చాలా స్మార్ట్ టీవీల్లో, తెర మీద ఏం ఆడుతోందో గుర్తుపట్టే ఏర్పాటు ఉంటుంది, దాన్ని ఏసీఆర్ అంటారు. తెర మీది బొమ్మ నుంచో ధ్వని నుంచో కొన్ని గుర్తులు తీసి, సర్వర్‌లో ఉన్న జాబితాతో పోల్చి, ఈ ఇంట్లో ఫలానా కార్యక్రమం చూస్తున్నారని తెలుసుకుంటుంది. కేబుల్ బాక్సు నుంచి వచ్చినా, పెన్‌డ్రైవ్ నుంచి వచ్చినా బొమ్మ పడేది ఆ తెర మీదే కనుక గుర్తుపట్టే అవకాశం ఉంది. ఎడిసన్ వాసి గారి రాష్ట్రానికి ఇందులో భాగముంది: 2017 ఫిబ్రవరిలో విజియో కంపెనీ, వినియోగదారుల అనుమతి లేకుండా 1 కోటి 10 లక్షల టీవీల నుంచి ఇలా సమాచారం సేకరించిందన్న కేసులో 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. కేసు వేసినవారు అక్కడి కేంద్ర వాణిజ్య సంఘమూ, న్యూజెర్సీ రాష్ట్రమూ.

దీన్ని ఆపుకోవచ్చు. శామ్‌సంగ్ టీవీల్లో "వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్" అనీ, ఎల్‌జీలో "లైవ్ ప్లస్" అనీ సెట్టింగుల్లో ఉంటుంది. మిగతావాటిలో గోప్యత అనే విభాగంలో వెతకాలి. టీవీ మొదటిసారి పెట్టేటప్పుడు నిబంధనల పేజీలన్నిటికీ మనం చదవకుండానే "అంగీకరిస్తున్నాను" అని నొక్కుకుంటూ పోతాము, అనుమతి అక్కడే ఇచ్చేస్తున్నాము. ఒక హెచ్చరిక: వ్యక్తిగత ప్రకటనలు వద్దని ఎంచుకుంటే ప్రకటనలు ఆగవు, మిమ్మల్ని చూసి ఎంచినవి కాకుండా ఏవో ఒకటి వస్తాయి. ఒకరకంగా అప్పుడు మీకూ ఎదురింటివారికీ ఒకే ప్రకటన కనిపించే అవకాశం పెరుగుతుంది, మీ ఉమ్మడి నవ్వుకు అదే దారి కాబోలు!

పనిలో పనిగా ఇంకొకటి. దుకాణానికి వచ్చేవారు ప్రకటనలో చూసిన అంకెలను అప్పజెబుతారు. ఒకప్పుడు చిన్న టేప్ రికార్డర్ మీద వేల వాట్ల "పీఎంపీఓ" అని రాసేవారు, ఆ అంకెకూ అసలు ధ్వనికీ సంబంధమే ఉండేది కాదు. ఇప్పుడు క్యూఎల్‌ఈడీ అని వినగానే అది ఓఎల్‌ఈడీకి తమ్ముడనుకుంటారు. క్యూఎల్‌ఈడీ అంటే వెనుక దీపం వెలిగే ఎల్‌సీడీ తెరే, రంగులు మెరుగుపరచడానికి క్వాంటమ్ డాట్ల పొర అదనం. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఆరితే పూర్తిగా నల్లబడుతుంది. ఈ తేడాను ఒక్క ప్రకటన కూడా చెప్పదు.

కొండపల్లి బొమ్మ:

సుబ్బు గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. అసలు టీవీకి ఇంటర్నెట్ ఇవ్వకుండా, కేబుల్ బాక్సు మాత్రమే పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా?

ఎల్‌ఈడీ సుబ్బు:

ఉండదండీ, వైఫై తీసేస్తే సమాచారం బయటికి పోయే దారి లేదు, కొత్త ప్రకటనలూ దిగవు. కానీ యూట్యూబూ, సినిమాల యాప్‌లూ కూడా రావు. స్మార్ట్ టీవీ కొన్నది వాటి కోసమే కనుక, నా దగ్గర కొన్నవారిలో అలా ఉంచుకున్నవారు తక్కువ.

పాత యాంటెన్నా:

కేబుల్ ఒక్కటే పెట్టుకుంటే హాయి అనుకుంటున్నారేమో. కేబుల్ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు, అందులో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలకు, 2 నిమిషాలు ఛానలు సొంత ప్రచారానికి. టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ దీన్ని గట్టిగా అమలు చేయబోతే ప్రసారకులు 2013లో దిల్లీ హైకోర్టుకు వెళ్లారు. సాయంత్రం వార్తా ఛానలు ముందు గడియారం పెట్టుకుని కూర్చునే ఓపిక ఉన్నవారు 12 నిమిషాల సంగతి స్వయంగా తేల్చుకోవచ్చు. వార్తలు చదువుతుండగానే తెర నాలుగు వైపులా కుంచించుకుపోయి, చుట్టూ స్థలాల వెంచర్ల బొమ్మలు వస్తాయి చూశారూ, వాటిని ఏ నిమిషాల లెక్కలో వేయాలి?

నన్ను అంతకంటే బాధించేది శబ్దం. ప్రకటన ధ్వని మితిమీరి ఉండకూడదని అవే నిబంధనల్లో ఉంది. అయినా రాత్రి పూట సీరియల్లో తల్లీకూతుళ్లు గుసగుసలాడుతుంటే వినడానికి ధ్వని పెంచుతాము, విరామం రాగానే పెయింట్ల ప్రకటన వీధి చివరకు వినపడుతుంది.

ఎల్‌ఈడీ సుబ్బు:

దానికి సాంకేతిక కారణం ఉంది. ప్రకటన గరిష్ఠ ధ్వని సీరియల్ గరిష్ఠ ధ్వనిని దాటకపోవచ్చు. సీరియల్లో గుసగుస ఉంటుంది, అరుపు ఉంటుంది, మధ్యలో నిశ్శబ్దం ఉంటుంది. ప్రకటనలో చిన్న శబ్దాలను కూడా పైకి లాగి, ముప్పై సెకన్లూ గరిష్ఠానికి దగ్గరగానే ఉంచుతారు. కొలిచేవాడు అత్యధిక స్థాయిని చూస్తే తప్పు కనపడదు, మన చెవి మాత్రం సగటును వింటుంది. మీ టీవీ ధ్వని సెట్టింగుల్లో "ఆటో వాల్యూమ్" అని ఉంటే పెట్టి చూడండి, చాలావరకు సర్దుకుంటుంది.

ఎడిసన్ వాసి:

ఇక్కడ ఈ విషయం మీద 2010లో ఒక చట్టమే చేశారు, 2012 డిసెంబరు నుంచి అమలైంది. సగటు ధ్వనిని కొలవాలని అందులో ఉంది కనుక టీవీలో కొంత ఉపశమనం కలిగింది. స్ట్రీమింగ్ సేవలకు అది వర్తించదు. కాలిఫోర్నియా రాష్ట్రం 2025 అక్టోబరులో వాటికి కూడా వర్తించేలా వేరే చట్టం తెచ్చింది.

నవ్వుల నిధి:

చట్టాల కంటే జనం వెక్కిరింతకే కంపెనీలు ఎక్కువ భయపడతాయని నా నమ్మకం. అంతర్జాలానికి జ్ఞాపకశక్తి ఎక్కువ. ఆపిల్ ఫోన్లలో హెడ్‌ఫోన్ రంధ్రం తీసేసినప్పుడు శామ్‌సంగ్ ఎగతాళి చేస్తూ ప్రకటనలు వేసింది. 2019లో తన నోట్ 10లో తానూ దాన్ని తీసేసి, ఆ పాత ప్రకటనను యూట్యూబ్ నుంచి మెల్లగా తొలగించింది. 2020లో ఐఫోన్ 12 డబ్బాలో ఛార్జర్ లేదని మళ్లీ ఎగతాళి చేసింది, కొన్ని నెలలకే తన ఎస్21 డబ్బాలోనూ ఛార్జర్ లేదు, ఆ పోస్టూ మాయమైంది. మాయమైనవాటిని దాచిపెట్టుకున్నవారు వేలమంది, ఇప్పటికీ ఎవరో ఒకరు బయటకు తీస్తారు.

2024 మేలో ఆపిల్ కొత్త ఐప్యాడ్ కోసం, వాద్యాలనూ రంగుల డబ్బాలనూ పుస్తకాలనూ యంత్రం కింద నలిపేసి పలుచని పలకగా మార్చే ప్రకటన వేస్తే కళాకారులు మండిపడ్డారు. ఆపిల్ క్షమాపణ చెప్పి దాన్ని టీవీలో వేయడం మానుకుంది. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో యాలకుల పేరుతో వచ్చే గుట్కా బ్రాండు ప్రకటనలో కనిపించినందుకు అక్షయ్ కుమార్‌ను జనం ఎంత ఆటపట్టించారంటే, ఆయన క్షమాపణ చెప్పి తప్పుకున్నారు. ఏ నియంత్రణ సంస్థ అంత త్వరగా ఆ పని చేయించగలిగేది?

కాపీ రాతగాడు:

ఒక నటుడు తప్పుకున్నారు, ఆ బ్రాండు ఆగిందా? అదే ఏడాది జూన్‌లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఒక నిషిద్ధ వస్తువును మరో వస్తువు పేరుతో ప్రచారం చేయకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా క్రికెట్ చూసేవారికి యాలకుల పొట్లాలు కనిపిస్తూనే ఉన్నాయి. పైగా ఆ ప్రకటన మీద వచ్చిన ప్రతి మీమ్ బ్రాండు పేరును ఉచితంగా మోసుకుపోయింది. నవ్వుల నిధి గారూ, మీరు వెక్కిరిస్తున్నామనుకుంటారు, అవతల కూర్చున్నవారు "ఎంతమందికి చేరింది" అనే అంకెను మాత్రమే చూస్తారు. ఆ గదుల్లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను.

నవ్వుల నిధి:

ఈ మాట మా పేజీ నడిపే మిగతావారికి చూపిస్తాను. బ్రాండు పేరు చెరిపేసి జోకు వేయాలని మాలో ఒకరు ఎప్పటి నుంచో పోరుతున్నారు.

మితభాషి:

ఒక కోణం ఎవరూ ముట్టుకోలేదు. ప్రైమ్ వీడియో 2025 జూన్ 17 నుంచి మన దేశంలో ప్రకటనలు మొదలుపెట్టి, అవి వద్దనుకుంటే నెలకు 129 రూపాయలో, ఏడాదికి 699 రూపాయలో అదనంగా కట్టమంది. యూట్యూబ్‌కు ఈ పద్ధతి 2019 నుంచే ఉంది. అంటే డబ్బున్నవారు ప్రకటనల నుంచి బయటపడుతున్నారు. ఇంకొన్నేళ్లకు ప్రకటన చూసేది కట్టలేనివారు మాత్రమే అయితే, ప్రకటనలు రాసేవారూ వాటి మీద మీమ్‌లు చేసేవారూ అవి ఎలా ఉంటాయో చూడనైనా చూడరు. పాత యాంటెన్నా గారి ఊళ్లో టీవీ ఉన్న ఇల్లూ, ఆ ఇంటి కిటికీలోంచి చూసే పిల్లలూ ఒకే ప్రకటన చూశారు.

పాత యాంటెన్నా:

మితభాషి గారు పేరు మార్చుకోవాలి. ఈ చర్చ మొత్తంలో నాకు నచ్చిన మాట ఇదే. మా ఇంట్లో అప్పుడే అది జరుగుతోంది: మా అబ్బాయి డబ్బు కట్టి ప్రకటనలు లేకుండా చూస్తాడు, మా ఇంటి పని చేసే అమ్మాయి ఫోనులో అదే కార్యక్రమం ప్రకటనలతో చూస్తుంది. ఆమె ఏదో రుణ యాప్ ప్రకటనను అనుకరించి నవ్వుతుంటే మా వాడికి అర్థం కాలేదు.

కాపీ రాతగాడు:

మా ఆఫీసులోనూ అంతే. యాప్ ప్రకటనలు రాసే కుర్రవాళ్లలో చాలామంది సొంత ఫోన్లలో ప్రకటనలు రాకుండా డబ్బు కట్టుకున్నవారే. వారికి ఈ చర్చ లింకు పంపుతాను.

కొండపల్లి బొమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. సుబ్బు గారు చెప్పినట్టు గోప్యత విభాగంలోకి వెళ్లి, వ్యక్తిగత ప్రకటనలు వద్దని పెట్టాను. ఇప్పుడు తెర పైన వస్తున్నవి ఎక్కువగా కొత్త సినిమాల పోస్టర్లూ, ఒక సిమెంటు కంపెనీదీ. ఎదురింటివారికి కూడా అదే సిమెంటు వస్తోందట. మా అత్తగారికి మాత్రం ఒక కొత్త ఫిర్యాదు వచ్చింది. సీరియల్లో మనుషులు మరీ నున్నగా, చురుకుగా కదులుతున్నట్టు ఉందనీ, సెట్టులో కెమెరా వెనుక నిలబడి చూస్తున్నట్టు ఉందనీ అంటున్నారు. ఇదీ ప్రకటనల పనేనా?

ఎల్‌ఈడీ సుబ్బు:

కాదండీ, అది అసలు బొమ్మల మధ్య టీవీ తానే కొత్త బొమ్మలు కల్పించి చేర్చే ఏర్పాటు. క్రికెట్ బంతికి బాగుంటుందని చాలా కంపెనీలు దాన్ని ముందే పెట్టి పంపుతాయి, సినిమాలకూ సీరియళ్లకూ అది నప్పదు. చిత్రం సెట్టింగుల్లో "మోషన్" అనే మాట ఉన్న అంశాన్ని ఆపేయండి, లేదా "ఫిల్మ్‌మేకర్ మోడ్" ఉంటే దాన్ని ఎంచుకోండి. దొరక్కపోతే టీవీ వెనుక స్టిక్కరు మీదున్న మోడల్ నంబరు ఇక్కడ రాయండి, ఏ మెనూలో ఉందో చూసి చెబుతాను. హెచ్‌డీఎమ్‌ఐ 1కీ, 2కీ విడివిడిగా మార్చాల్సి రావచ్చు, అత్తగారి కేబుల్ బాక్సు ఏ పోర్టులో ఉందో కూడా చూసి పెట్టుకోండి.